ప్రధాని గారి చేతులు

ఆ దేశంలో ఆ సంవత్సరం పెద్ద కుర్చీలు మూడింటిలోనూ ఆడవాళ్లే కూర్చున్నారు. రాష్ట్రపతి ఒకావిడ, సభాపతి ఇంకొకావిడ. ఇద్దరి హోదాల్లోనూ పతి ఉన్నాడు, ఇద్దరి ఇళ్లల్లోనూ లేడు అని పనీపాటా లేని మగవాళ్లు టీ బల్లల దగ్గర కిసుక్కుమనేవారు. మూడో ఆవిడ ప్రధాని. ఆ మాటలో పతి గొడవ లేదు గానీ ప్రధానమనే గొడవ ఉంది. ఆవిడకి పనే ప్రధానమైపోయి, మిగతావన్నీ అప్రధానాల జాబితాలోకి జారిపోయాయి. ఆ జాబితాలో మొట్టమొదటి పేరు కన్నతల్లిది.

ఈ ప్రధానికి ఒక చెల్లెలుంది. ప్రధాని టీవీలో దేశాన్నుద్దేశించి మాట్లాడినప్పుడల్లా తెర కింద కుడి మూలన అరచెయ్యంత గడి ఒకటి వెలుగుతుంది కదా, అందులో నల్లబట్టలేసుకుని నిలబడి, ఆ మాటల్ని చెవులు వినపడని వాళ్ల కోసం చేతులతో చెప్పే మనిషి ఆవిడే. వీధిలో అందరూ ‘మూల మేడం’ అంటారు. అక్క ఊరంతా తిరిగే ఉత్సవ విగ్రహమైతే చెల్లెలు మూలనున్న మూలవిరాట్టన్నమాట. అక్క చెయ్యేసి ఇప్పించిన ఉద్యోగమని గిట్టనివాళ్లంటారు. నిజానికి అక్కకి పదవి రాకముందు పదేళ్ల నుంచీ ఆమె ఆ గడిలోనే ఉంది. చెల్లెలి తెర మీదికి వచ్చి చేరింది అక్కే.

వాళ్ల అమ్మకీ నాన్నకీ పుట్టుచెవుడు. ఇద్దరూ ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేశారు. ఆయన యంత్రం దగ్గర, ఆమె అచ్చయిన కాగితాలు మడిచి కుట్టే బల్ల దగ్గర. ఆ మోతకి మిగతా పనివాళ్లకి చెవులు పోతాయని భయం. వీళ్లకి పోయేదేమీ లేదు కాబట్టి నిశ్చింతగా పాతికేళ్లు చేశారు. ఇంట్లో మాటలన్నీ చేతులే. బయట మాటలకి మాత్రం నోరు కావాలి కదా, ఆ నోరు పెద్దపిల్ల. ఏడేళ్లకే ఆసుపత్రికీ, ఆఫీసులకీ, బడికీ అమ్మానాన్నల పక్కన నడిచి, అటు మాట ఇటూ ఇటు మాట అటూ మోసేది. మోసేటప్పుడు కొంచెం మోసం కూడా చేసేది. ఒకసారి ఇంటి ఓనరు వచ్చి, “మీకు వినపడక తలుపులు ధనాధనా వేస్తారు, మాకు వినపడి చస్తున్నాం!” అని అరిచాడు. పిల్ల నాన్న వైపు తిరిగి ‘మీ ఆరోగ్యం ఎలా ఉందని అడుగుతున్నాడు’ అని చేతులతో చెప్పింది. నాన్న నవ్వుతూ తలూపాడు. పిల్ల ఓనరు వైపు తిరిగి, “మా నాన్న మీ మాట వినదలుచుకోలేదట” అంది. ఆ నవ్వు మొహమూ ఈ జవాబూ కలిపి చూసుకుని ఓనరు వచ్చిన దారినే వెళ్లిపోయాడు. ఈ పిల్ల పెద్దయ్యాక ప్రధాని కాక ఇంకేమవుతుంది?

చెల్లెలు సైగలు నేర్చుకున్నది అమ్మ దగ్గర కాదు, అక్క దగ్గర. అక్క చేతులు అంత బాగుండేవి. వాన గురించి చెబితే ఎదుటివాళ్లు తల తుడుచుకునేవారు.

ఆ చేతులే మొదటి ఎన్నికల్లో కొంపముంచాయి. వేదికెక్కి మాట్లాడుతుంటే వాటంతటవే గాల్లోకి లేచేవి. “ఈవిడ ఉపన్యాసమిస్తోందా, దోమలు తోలుతోందా?” అన్నారు ఎదుటి పార్టీవాళ్లు. ఓడిపోయింది. రెండోసారి ఒక సలహాదారుడు వచ్చి, “బల్ల అంచులు రెండూ గట్టిగా పట్టుకోండి, ఏం జరిగినా వదలకండి” అన్నాడు. పట్టుకుంది. ఏడాది తిరిగేసరికి చేతులు చెప్పినమాట వినడం నేర్చుకున్నాయి. అధికారం చేతికొచ్చింది, చేతులు మాత్రం చేజారిపోయాయి.

నాన్న పోయాక అమ్మ చెల్లెలి దగ్గర ఉంటోంది, మూడో అంతస్తులో, కింద లాండ్రీ ఉన్న ఇంట్లో. ప్రధాని నివాసం అక్కడికి నడిస్తే పావుగంట. కానీ ప్రధానులకి నడిచే దూరాలంటూ ఉండవు. అక్క ఆ ఇంటికి వచ్చి పద్నాలుగు నెలలైంది. టీవీలో కనపడినప్పుడల్లా అమ్మ కుర్చీ ముందుకి లాక్కుని తెరకి ముక్కు ఆనించినంత పనిచేసి, పెద్దకూతురి మొహం కాదు, చేతులు వెతుకుతుంది. అవి బల్ల వెనక ఉంటాయి. ఇంక గత్యంతరం లేక మూల గడిలోకి చూపు దించుకుంటుంది. దించుకునే ఆ ఒక్క క్షణం సంగతి చెల్లెలికి తెలుసు. తెలిసీ ప్రతిసారీ ఆ గడిలో నిలబడి అక్కలా ‘నేను’ అంటుంది. ఎదుటివాళ్ల మాటని ‘నేను’ అనే చెప్పాలి, ఒక్క ముక్క కలపకూడదు, ఒక్క ముక్క వదలకూడదు. ఆ వృత్తికి ఉన్నవి ఆ రెండు నియమాలే. ఆమెకి ఉన్నది ఒక్క కోరిక. ఒక్కసారి, టీవీ లేకుండా, గడి లేకుండా, అక్క ఆ కుర్చీ ఎదురుగా కూర్చుని అమ్మతో మాట్లాడాలి.

ఆ బుధవారం సాయంత్రం నాలుగింటికి ప్రసంగం. ఇంట్లో పెద్దవాళ్లని చూసుకునేవాళ్లకి ఆఫీసుల్లో సెలవులిచ్చే కొత్త చట్టం గురించి. ప్రసంగం ప్రతి ఎప్పటిలాగే గంట ముందు చెల్లెలి చేతికొచ్చింది. చదువుకుంది. స్టూడియోలో నేల మీద అతికించిన టేపు గుర్తు మీద నిలబడింది. చెవిలో అక్క గొంతు, రెండు మాటల వెనక తన చేతులు. అంతా సాఫీగా నడుస్తుండగా ప్రతిలో లేని వాక్యమొకటి చెవిలో పడింది.

“నేనెంత పనిలో ఉన్నా సరే, ప్రతి ఆదివారం మా అమ్మ ఎదురుగా కూర్చుని ఆవిడతో మాట్లాడకుండా ఉండను.”

చెల్లెలి చేతులు ఛాతీ దాకా లేచాయి. అక్కడే ఆగాయి. మెల్లిగా కిందికి దిగి, తొడల పక్కన వేలాడాయి. పదకొండు సెకన్లు దేశంలో వినపడనివాళ్లందరికీ ప్రధాని మూగదైపోయింది. తరవాతి వాక్యానికి చేతులు మళ్లీ లేచాయి.

ప్రసారం అయిపోగానే ఆమెతో వంతులవారీగా అదే పని చేసే మీసాలాయన పరుగెత్తుకొచ్చాడు. పెదాలు కనపడట్లేదని ప్రేక్షకులు ఎన్ని ఉత్తరాలు రాసినా ఆ మీసాలు తియ్యని మొండిఘటం.

“ఏమైంది మేడం? నరం పట్టిందా?”

“పట్టింది.”

“ఏ నరం?”

“అబద్ధం పట్టని నరం.”

“అయ్యో రామా! చెయ్యి జారితే సర్దుకోవచ్చు మేడం, ఇలా చేతులెత్తేస్తే... ఛఛ, ఎత్తలేదు కదా, దించేస్తే ఎలా? అబద్ధమైతే అది అన్నవాళ్ల ఖాతాలోది. మన వేళ్లకి అంటదు.”

“మీ అమ్మ చూస్తుంటే?”

“మా అమ్మకి బాగానే వినపడుతుంది. మా ఇంట్లో గొడవంతా అదే” అని నిట్టూర్చి, “ఫోన్ల నిండా మెసేజీలే. ఆ పదకొండు సెకన్లలో ఏమన్నారో చెప్పమని వినపడనివాళ్లంతా అడుగుతున్నారు” అన్నాడు.

ఇంటికెళ్లేసరికి అమ్మ తలుపు దగ్గరే నిలబడి ఉంది. అమ్మకి కోపమొస్తే సైగలు పెద్దవవుతాయి. గోడ మీద నీడలు కూడా అరిచినట్టుంటుంది.

‘ఎందుకాపావు?’

‘వేళ్లు పట్టేశాయమ్మా.’

‘అబద్ధం. మీ అక్క “అమ్మ” అంది. నాకు పెదాలు చదవడం రాదు, ఆ ఒక్క మాట తప్ప. మొదటిసారి అది ఆ మాట అంటుంటే దాని మొహంలో మొహం పెట్టి చూశాను. పెదాలు రెండూ అతుక్కుని విడిపోయాయి. ఇవాళా అంతే. అది నా గురించి ఏదో అంది, నువ్వు దాచేశావు.’

‘ఏం లేదమ్మా. తర్వాత చెప్తా.’

ఆ మాట చేతులు దాటాక గానీ చెల్లెలికి తెలియలేదు తానేమందో. అమ్మ మొహం చిన్నబోయింది. సైగలు కూడా చిన్నవైపోయాయి. కోపం కన్నా అది ఎక్కువ భయపెట్టింది.

‘పుట్టినప్పట్నుంచీ చూస్తున్నా. అందరూ నవ్వుతారు. ఎందుకంటే ఏం లేదంటారు. అందరూ ఏడుస్తారు. ఏమైందంటే తర్వాత చెప్తామంటారు. డెబ్భై ఆరేళ్లొచ్చాయి నాకు, ఆ తర్వాత ఇంకా రాలేదు. నా ఇంట్లో నా పిల్లలు మాత్రం నా దగ్గర ఏదీ దాచరని అనుకున్నా.’

తల్లిని అబద్ధం నుంచి కాపాడాననుకుంది చెల్లెలు. లోకమంతా ఆమెకి చేసిన అన్యాయమే తనూ చేసింది, అదీ చెయ్యి తిరిగిన పనిమంతురాలై ఉండి. ఇంక దాచలేదు. అమ్మ ఎదురుగా నేల మీద కూర్చుని, ఆ వాక్యాన్ని మొదటి నుంచి చివరి దాకా, కలపకుండా వదలకుండా చెప్పింది.

అమ్మ భుజాలు ఊగాయి. ఏడుస్తోందేమోనని చెల్లెలు హడలిపోయింది. ఏడవడం కాదు, నవ్వుతోంది.

‘ఆదివారమా? అయితే నా నీలం బట్టలు కింద ఇస్త్రీకి ఇచ్చిరా.’

‘అమ్మా, అది నిజం కాదు. ఎవరో రాసిచ్చారు. అది రాదు.’

‘నీకు తెలీదు. చిన్నప్పుడు అది నన్ను ప్రెస్సుకి తీసుకెళ్లి, మా అమ్మకి కుట్టుపని బ్రహ్మాండంగా వచ్చని చెప్పింది. నాకప్పటికి సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. ఉద్యోగం ఇచ్చేశారు. బయటికొచ్చాక ఆ సంగతి చెప్పి, పాత పుస్తకాలన్నీ విప్పి నాతో మళ్లీ మళ్లీ కుట్టించింది. సోమవారానికి నాకు వచ్చేసింది. అది ముందు అనేస్తుంది, తర్వాత నిజం చేస్తుంది. ఈసారి దేశం మొత్తం ముందు అంది. వస్తుంది.’

చెల్లెలు నీలం బట్టలు పట్టుకుని మెట్లు దిగింది. లాండ్రీ ఆవిడ వాటిని తిప్పి చూసి, “ఏంటి మేడం, పెళ్లా?” అంది. “అంతకన్నా పెద్దదే” అంది చెల్లెలు. అక్క రాకపోతే ఆదివారం సాయంత్రం ఆ బట్టలు తనే విప్పి మడతపెట్టాలి. ఆ మడత ఊహించుకుంటేనే ఆమెకి చేతులాడలేదు.

శుక్రవారం ఆమెకి సంజాయిషీ కోసం పిలుపొచ్చింది. ప్రధాని కార్యాలయంలో గోడ పొడుగునా పాత ప్రధానుల పటాలు, అన్నీ మీసాలే, ఆఖరి పటంలో మాత్రం అక్క. కార్యదర్శి లోపలికి పంపి, తనూ నోటు పుస్తకం పట్టుకుని తలుపు పక్కన నిలబడ్డాడు.

అక్క ఫైలు మీది నుంచి తలెత్తింది. “ఏమే, నా నోరు కట్టేశావట పదకొండు సెకన్లు?”

“నీ చేతులు నువ్వు కట్టేసుకోలేదూ? నేను పదకొండు సెకన్లేగా.”

కార్యదర్శి రాయబోయి, ఇది రాయాలో వద్దో తెలియక పెన్ను నోట్లో పెట్టుకున్నాడు.

“అది నేను రాసింది కాదే. ప్రసంగాలు రాసే అబ్బాయి, చివరి నిమిషంలో, కుటుంబం ముక్క ఒకటుంటే బాగుంటుందని ఇరికించాడు. చదువుతుంటే నాకు కూడా నిజమే అనిపించింది తెలుసా? ఒక్క క్షణం, నిజంగా, ఆదివారాలన్నీ గుర్తొచ్చినట్టే ఉంది.”

కార్యదర్శి ముందు అనలేని మాట చెల్లెలు చేతులతో అంది. ‘అమ్మ నిన్ను నమ్మింది. ఆదివారం నీలం బట్టలు కట్టుకుని కూర్చుంటుంది.’

అక్క ఆ చేతుల వైపు చూసింది. కళ్లు చిట్లించింది. అక్షరాలు కూడబలుక్కునే పిల్లలా పెదాలు కదిపింది. “ఏంటీ... నీలం... ఆకాశమా? మెల్లిగా చెయ్యవే. మళ్లీ చెయ్యి.”

చెల్లెలి చేతులు గాల్లోనే ఆగిపోయాయి. అక్క కార్యదర్శిని చూసి, “బయటికి వెళ్తారా?” అంది. తలుపు మూసుకున్నాక చాలాసేపు ఫైలు ట్యాగు మెలితిప్పింది.

“పోయినసారి వచ్చినప్పుడు అమ్మ ఏదో పెద్ద కథ చెప్పిందే. నాకు సగం అర్థం కాలేదు. అడగడానికి సిగ్గేసి నవ్వుతూ తలూపాను. అమ్మ చెప్పడం ఆపేసి నా మొహంలోకి చూసింది. చిన్నప్పుడు ఆఫీసుల్లో వాళ్లు అమ్మని చూసి అలాగే తలూపేవాళ్లు, గుర్తుందా? అమ్మకి తెలిసిపోయింది. ఇంక మళ్లీ ఎలా రమ్మంటావు? పొరుగు దేశం అధ్యక్షురాలు వచ్చిందనుకో, మధ్యలో దుబాసి ఉంటారు, నాకేం సిగ్గులేదు. అమ్మ దగ్గరికి దుబాసిని పెట్టుకుని వెళ్లే కూతురెవరే?”

అక్కకి తీరిక లేదని ఇన్నాళ్లూ పళ్లు నూరింది చెల్లెలు. తీరిక కాదు, ధైర్యం లేదు.

“నేనున్నాగా. నీకు ఉచితంగా వచ్చే దుబాసిని. నేను మధ్యలో కూర్చుంటా. నువ్వు నోటితో చెప్పు, నేను చేత్తో చెప్తా. ముందు రా.”

“ఉంటావుగా? లేచిపోవుగా?”

“ఈ వయసులో ఎవరితో లేచిపోతానే?”

అక్క పకపకా నవ్వింది. బయట కార్యదర్శి ఉలిక్కిపడి ఉంటాడు.

ఆదివారం పొద్దున పదిన్నరకి లాండ్రీ ముందు మూడు కార్లు ఆగాయి. మెట్టుమెట్టుకీ ఒక కాపలా మనిషి నిలబడ్డాడు. “ఇంతమంది వచ్చారు, ఒక్కరి బట్టలూ మాసినట్టు లేవే!” అని లాండ్రీ ఆవిడ నిరాశపడింది.

అమ్మ నీలం బట్టల్లో కుర్చీలో కూర్చుని ఉంది. అక్క ఎదురు కుర్చీలో కూర్చుంది. చేతులు రెండూ తీసుకెళ్లి కుర్చీ అంచుల మీద పెట్టి గట్టిగా పట్టుకుంది. చెల్లెలు ఇద్దరి మధ్యా మోడా లాక్కుని కూర్చుంది.

‘చిక్కిపోయావు’ అంది అమ్మ.

“చిక్కిపోయావు” అంది చెల్లెలు నోటితో.

“లేదమ్మా, ఆరోగ్యం బాగానే ఉంది. పనుల ఒత్తిడి కొంత ఉన్న మాట వాస్తవమే” అంది అక్క.

చెల్లెలు దాన్ని చేతుల్లోకి దించింది. ‘వాస్తవమే’ కూడా వదల్లేదు. కానీ అమ్మ ఆ చేతుల్ని చూడలేదు. అమ్మ చూపు కుర్చీ అంచుల మీద ఉంది. అక్క ఇంకో మాట అంది. చెల్లెలి చేతులు ఇంకోసారి లేచాయి. అమ్మ ఈసారీ చూడలేదు. ఇరవయ్యేళ్ల ఉద్యోగంలో ఎవరూ చూడని సైగ చెయ్యడం ఆమెకి అదే మొదటిసారి. వినేవాళ్లు లేని గదిలో తను ఒక్కతే మాట్లాడుతున్నట్టుంది.

ఆమెకి అర్థమైంది. లేచి నిలబడింది.

“ఏయ్, ఎక్కడికి?” అక్క గొంతు ప్రధాని గొంతు కాదు. “కూర్చోవే! నాకు రాదని చెప్పానుగా.”

“ఇవాళ ఆదివారం. నాకు డ్యూటీ లేదు.”

“మాటిచ్చి చెయ్యిస్తావా?”

“చెయ్యి నేనివ్వడం కాదు, నువ్వే ఇవ్వాలి.”

వంటింట్లోకి నడిచింది. ఆ ఇంట్లో వంటింటికీ హాలుకీ మధ్య తలుపు లేదు. చేతులతో మాట్లాడుకునే ఇళ్లల్లో గోడలు అడ్డుంటే మాట సాగదని నాన్న ఎప్పుడో చెప్పిన లెక్కన, వెతికి మరీ తీసుకున్న ఇల్లది. మామూలు ఇళ్లల్లో ఇద్దరి మాటలు వినకూడదనుకుంటే పక్కగదిలోకి వెళ్తారు. ఈ ఇంట్లో వీపు తిప్పాలి. చెల్లెలు సింకు ముందు నిలబడి హాలుకి వీపు తిప్పింది.

మొదట వినపడింది అక్క గొంతు సవరించుకోవడం. కుర్చీ కిర్రుమనడం. బట్ట రాపిడి. అరచేతిలో అరచెయ్యి పడ్డ చిన్న చప్పుడు, మళ్లీ అదే చప్పుడు, మళ్లీ. ఏదో మాట దగ్గర తడబడుతోంది అక్క. ఏ మాటో ఒక్కసారి తిరిగి చూస్తే చాలు, అందించేయచ్చు. చెల్లెలు సింకు అంచు పట్టుకుంది.

వంటింటికి మెట్ల వైపున్న తలుపులోంచి కాపలావాళ్లలో ఒకావిడ తల లోపలికి పెట్టింది. “మేడం, ఇంకో ఐదు నిమిషాలే. లోపల ఏమీ వినపడట్లేదు, అంతా బాగానే ఉందా?”

“మాట్లాడుకుంటున్నారు.”

“ఏం మాట్లాడుకుంటున్నారు?”

“తెలీదు.”

అమ్మ మాట గురించి ఎవరైనా అడిగితే ఆ జవాబు ఆమె ఎప్పుడూ చెప్పలేదు.

కాపలా ఆవిడ ఆమె భుజం మీదుగా హాల్లోకి చూసింది. “ప్రధాని గారు వేళ్లు ఇలా ఏదో తిప్పుతున్నారు. మీ అమ్మగారు అడ్డంగా తలూపుతున్నారు. ఆవిడ వేళ్లు పట్టుకుని మడిచి, సరిచేసి...”

“చెప్పకండి.”

“అదేంటి మేడం?”

“అది నాది కాదు. వాళ్లది.” గొంతు తగ్గించి అడిగింది, “ఐదు నిమిషాలు ఇంకొంచెం పెంచలేరా?”

కాపలా ఆవిడ గడియారం చూసుకుంది. మణికట్టు దగ్గరి మైకులో ఎవరితోనో “పదిహేను” అని, తనూ మెల్లిగా హాలుకి వీపు తిప్పి నిలబడింది.

వెనక నుంచి అమ్మ నవ్వు వినపడింది. ఆ నవ్వు ఎలా ఉంటుందో అమ్మకి తెలీదు, బొంగురుగా, పెద్దగా, అదుపు లేకుండా ఉంటుంది. దేనికి నవ్విందో తెలుసుకోవాలని చెల్లెలికి ప్రాణం కొట్టుకుపోయింది. మెడ దానంతటది పక్కకి తిరగబోయింది. కుళాయి తిప్పి, కడగాల్సిన గిన్నెలేమీ లేకపోయినా, చేతులు రెండూ నీళ్ల కింద పెట్టి అలాగే ఉంచింది.